దశరథరామయ్య వజ్రం

నందిగామలో, కనీసం ఓ నాలుగు వీధుల్లో, జరగని పనికి ఒక పేరుంది. డ్రైనేజీ బాగుచేస్తామని కొలతలు తీసుకుపోయినవాళ్లు మళ్లీ కనపడకపోతే "అది దశరథరామయ్య వజ్రంలే" అంటారు. పెళ్లికి తప్పకుండా వస్తానన్న మేనమామ రాకపోయినా అదే మాట. ఎదురింటి కుర్రాడు ఈసారి గ్రూప్స్ కొట్టేస్తానన్నా అదే మాట. దశరథరామయ్య ఎవరో, ఆయన వజ్రమేమిటో ఆ మాట వాడేవాళ్లలో సగం మందికి తెలీదు. తెలియకపోయినా అనడానికి బాగుంటుంది కాబట్టి అనేస్తారు.

చిన్నబాబుకి మాత్రం తెలుసు. దశరథరామయ్య అతని కన్నతండ్రి.

చిన్నబాబు అంటే చిన్నవాడేం కాదు. యాభై ఎనిమిదేళ్లున్నాయి, రోజూ బీపీ మాత్ర వేసుకుంటాడు, కూతురు లహరికి పెళ్లయి మూడేళ్లయింది. పుట్టినప్పుడు పెట్టిన పేరు ఆధార్ కార్డులో తప్ప ఇంకెక్కడా కనపడదు. జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు స్టోర్స్ గుమాస్తాగా చేసి, ముందే రిటైర్మెంటు తీసుకుని, నందిగామ సెంటరుకి కాస్త అవతల ఇనప సామాన్ల కొట్టు పెట్టుకున్నాడు. మేకులు, గడియలు, పారలు, గునపాలు, జల్లెడలు. కొట్టు బాగానే నడుస్తుంది. వానాకాలం నాలుగు నెలలూ మాత్రం దాని యజమాని కొట్లో ఉండడు. పొద్దున్నే బండేసుకుని కంచికచర్ల మీదుగా పరిటాల వైపు పోయి, హైవేకి లోపలగా ఉన్న పాత వజ్రాల గుంటల దగ్గర నేల మీద చూపు పెట్టి తిరుగుతుంటాడు. కొట్టు భార్య భారతీదేవి చూసుకుంటుంది. చూసుకుంటూ, వచ్చిన ప్రతివాడితోనూ "మావారు రాళ్లకి వెళ్లారండీ" అని చెబుతుంది. ఆ చెప్పడంలో ఉండాల్సిందంతా ఉంటుంది.

పన్నెండేళ్లుగా ఇదే వరస. పన్నెండు వానాకాలాల్లో అతనికి దొరికినవేమిటయ్యా అంటే బస్తాలకొద్దీ పలుగురాళ్లు, గాజుపెంకులు, ఒకసారి ఎవరిదో కట్టుడుపన్ను.

డబ్బాశ అని ఊరంతా అనుకుంటుంది. అనుకోనీ. అతనికి కావలసింది ఒకే ఒక్క రాయి, శనగబద్దంత ఉన్నా చాలు. దాన్ని అమ్మే ఉద్దేశం కూడా లేదు. తీసుకెళ్లి కొట్లో వెంకటరత్నం బాబాయి చదువుతున్న పేపరు మీద పెట్టాలి. పెట్టి, "మా నాన్న అబద్ధం చెప్పలేదు" అనాలి. ఆ ఒక్క ముక్క అనడానికి పన్నెండేళ్లుగా మోకాళ్లు అరగదీసుకుంటున్నాడు.

ఈ వెంకటరత్నం, దశరథరామయ్యకి స్వయానా తమ్ముడు. ఎనభై రెండేళ్లు. పళ్లూ చూపూ నోరూ అన్నీ గట్టిగానే ఉన్నాయి. రోజూ పదింటికి కొట్టుకొచ్చి, ఫ్యాను కింద ఉన్న ఒకే ఒక్క కుర్చీలో కూర్చుని, పేపరు మొత్తం చదివి, రెండు టీలు తాగి వెళతాడు. "దశరథరామయ్య వజ్రం" అనే మాట పుట్టింది ఆయన నోట్లోనే.

నలభై ఆరేళ్ల కిందటి సంగతి. శ్రావణమాసం. చిన్నబాబుకి పన్నెండేళ్లు. అప్పుడు వీళ్ల కుటుంబం పరిటాల దగ్గరే పొలం చేసుకుంటూ ఉండేది. దశరథరామయ్యకి గుంటల వైపు రాళ్లు చూసే అలవాటుండేది. ఒక సాయంత్రం ఆయన మోకాళ్లదాకా బురదతో వసారాలోకి వచ్చి నిలబడి, "నాకు వజ్రం దొరికింది" అన్నాడు. ఇంట్లోవాళ్లందరూ లేచి నిలబడ్డారు. తాతయ్య చెయ్యి చాపి "ఏదీ" అన్నాడు. "పోయింది" అన్నాడు దశరథరామయ్య. ఎలా పోయిందిరా అని అడిగారు. రెండు చేతులూ ముందుకి పెట్టి ఒకసారి తిప్పేశాడు. అంతే సమాధానం.

వెంకటరత్నం పగలబడి నవ్వాడు. దొరకడమూ అయిందట, పోవడమూ అయిందట, మనకి మాత్రం చేతులు తిప్పడం మిగిలిందట అన్నాడు. మర్నాటికి ఊళ్లోనూ, నందిగామకి కాపురాలు మార్చాక నందిగామలోనూ ఆ మాట పాకింది. దశరథరామయ్య జన్మలో మరో అబద్ధం ఆడిన పాపాన పోలేదు. అయినా బతికినన్నాళ్లూ ఆయన ఏ మాట చెప్పినా జనం పక్కకి తిరిగి నవ్వుకునేవాళ్లు. ఎవరైనా మొహాన్నే అడిగితే ఆయన అవే చేతులు తిప్పేవాడు. గుంటల మొహం మాత్రం మళ్లీ చూడలేదు.

విజయవాడ ఆస్పత్రిలో ఆఖరి రోజున చిన్నబాబే అడిగాడు. "నాన్నా, ఆ రాయి నిజంగా దొరికిందా?" ఆయన తలూపాడు. "మరి ఎలా పోయింది? నాకైనా చెప్పచ్చుగా?" సెలైను సూదితో సహా ఆ చేతులు దుప్పటి మీంచి లేచి, ఒకసారి తిరిగి, మళ్లీ పడ్డాయి. చిన్నబాబుకి ఒళ్లు మండింది. "ఇప్పుడు కూడా ఈ నాటకమేంటి నాన్నా" అని విసుక్కుని టీ తాగడానికి కిందికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి ఆయన లేడు.

ఆ విసుగుని వెనక్కి తీసుకునే దారి లేదు. అందుకే ఆ తర్వాతి వానాకాలం నుంచీ గుంటల దారి పట్టాడు.

గుంటలంటే పెద్ద చూడ్డానికేం ఉండవు. నవాబుల కాలంలో వేలమందిని పెట్టి తవ్వించారని చెప్పుకుంటారు. ఇప్పుడు తంగేడు పొదలు, తుమ్మచెట్లు, వానకి నీళ్లు నిలిచే పల్లాలు, మధ్యమధ్య ఎర్రమట్టి దిబ్బలు. అన్నిటికంటే పెద్దదాన్ని పెద్దగుంట అంటారు. వాన కురిసి మట్టి కొట్టుకుపోయాక, ఏటవాలు ఎండలో, సూర్యుడికి ఎదురుగా నడుస్తూ వెతకాలి. మెరిసిన ప్రతిదాన్నీ వంగి తియ్యాలి. తీసి ఊపిరి ఊదాలి. పలుగురాయైతే ఆవిరి పట్టి మసకేసి నెమ్మదిగా పోతుంది. అసలుదైతే ఆవిరి నిలవదు. చిన్నబాబు ఈ పన్నెండేళ్లలో ఊదిన ఊపిరితో ఒక లారీ టైరు నింపచ్చు. ప్రతి రాయీ మసకేసింది.

ఈ పద్ధతంతా నేర్పింది జయమణి. డెబ్బై ఏళ్ల మనిషి, వాళ్లమ్మతో కలిసి చిన్నప్పట్నుంచీ ఇక్కడ రాళ్లేరుతోంది. పద్ధతితోపాటు గుంటల దగ్గర పాటించాల్సినవి కూడా చెప్పింది. వజ్రం అనే మాట ఇక్కడ అనకూడదు, గింజ అనాలి. చెప్పులు దిబ్బ కిందే విడవాలి. ఈల వెయ్యకూడదు. ఇంటికెళ్లేటప్పుడు పెద్దగుంట అంచున నిలబడి "ఏమీ తీసుకుపోవట్లేదు" అని చేతులు దులిపి పోవాలి. ఆడదైతే కొంగు కూడా దులపాలి.

"ఎందుకమ్మా ఇవన్నీ?" అని చిన్నబాబు మొదట్లో విసుక్కున్నాడు.

"అప్పట్లో కూలోళ్లని ఎతికి పంపేవోళ్లంట అయ్యా. నోరు కూడా తెరిపించి సూసేవోళ్లంట. ఆ ఎతికేవోళ్లు ఇంకా ఉన్నారని మా అమ్మ అనేది. పని ఆగిపోయిందని ఆళ్లకెవురూ సెప్పలేదుగా."

చిన్నబాబు బీకామ్ చదివినవాడు. నవ్వుకున్నాడు. కానీ నలుగురితో పాటు చేస్తే పోయేదేముందని దులపడం మొదలుపెట్టాడు. ఏ రోజూ చేతుల్లో ఏమీ ఉండేది కాదు కాబట్టి అది చాలా తేలికైన పని.

తర్వాత్తర్వాత నవ్వు తగ్గింది. భయంతో తగ్గిందనుకునేరు. ఒళ్లుమంటతో తగ్గింది.

మొదట కుప్పల సంగతి. సాయంత్రం వెళ్లేముందు రేపటికని గులకరాళ్లన్నీ ఒక కుప్ప పోసి పెట్టుకునేవాడు. పొద్దున వచ్చేసరికి ఆ కుప్పని ఎవరో అప్పటికే ఏరి ఉండేవాళ్లు. ఏరడమంటే చెల్లాచెదురు చెయ్యడం కాదు. పెద్దవి ఒక వరస, చిన్నవి ఒక వరస, ఇసక వేరుగా. అంత శుభ్రంగా అతను కొట్లో మేకులు కూడా సర్దుకోడు. మనిషన్నవాడు తను చెయ్యబోయే పని తనకంటే ముందు ఇంకొకడు చేసిపోతే ఎలా భరిస్తాడు? ఇది మేకలు కాసే రాంబాబు పనే అనుకుని మీద పడ్డాడు.

"ఏరా రాంబాబూ, నా కుప్ప జోలికి ఎందుకొస్తున్నావు?"

"మీ రాళ్లు నాకెందుకండీ చిన్నబాబు గారూ? ఈ మేకలతోనే నాకు తెల్లారిపోతోంది. కావాలంటే గుర్తెట్టుకుని చూసుకోండి."

గుర్తు పెట్టాడు. కొట్లోంచి సున్నం తెచ్చి కుప్పలో పదకొండు రాళ్లకి చుక్కలు పెట్టి వెళ్లాడు. పొద్దున చూస్తే కుప్ప మామూలుగానే వరసలు తీరి ఉంది. సున్నం చుక్కల రాళ్లు పదకొండూ విడిగా పక్కన పెట్టి ఉన్నాయి, ఇవి ఇక్కడివి కావు పొమ్మన్నట్టు. చుట్టూ రాత్రి వానకి తడిసిన మట్టి. దానిమీద మేక గిట్ట లేదు, మనిషి అడుగు లేదు. చిన్నబాబు రెండడుగులు వెనక్కి వేశాడు. అది ఒక్క నిమిషమే. మరుక్షణం తిక్క రేగింది.

"పాతోళ్లయ్యా. మనకంటే ముందునించీ ఉన్నోళ్లు" అంది జయమణి.

"ఉంటే ఉన్నారు. ఆ దొరికిందేదో నాకొకటి ఇచ్చి ఏడవమను" అన్నాడు చిన్నబాబు.

ఇంకోసారి మిట్టమధ్యాహ్నం. దిబ్బ మీద అతనొక్కడే ఉన్నాడు. పెద్దగుంటలోంచి జల్లెడ ఆడుతున్న చప్పుడు వచ్చింది. జల్లెడలమ్మే మనిషి, ఆ చప్పుడు పొరబడే ప్రసక్తే లేదు. వెళ్లి తొంగిచూశాడు. అడుగున ఎర్రనీళ్లు, ఒక తుమ్మచెట్టు, నీళ్ల మీద తూనీగలు. వెనక్కి వచ్చి కూర్చున్నాడు. మళ్లీ జల్లెడ. "ఎవరది?" అని కేకేశాడు. చప్పుడు ఆగింది. ఆగాక, జల్లెడని నేలమీద ఆనించి పెట్టినట్టు చిన్న శబ్దం వచ్చింది. ఆ రోజు అన్నం డబ్బా తెరవకుండానే ఇంటికి పట్టుకెళ్లాడు. ఎందుకు తినలేదని భారతీదేవి అడిగితే ఏం చెప్పాలో తెలీక, కూరలో ఉప్పెక్కువైందన్నాడు. దానిమీద రెండు రోజులు మాటల్లేవు.

పెద్దగుంటతో ఇంకో తంటా ఉంది. దానికి రెండు నిలువుల లోతు కూడా లేదు. చిన్నబాబే ఒక ఎండాకాలం దిగి చూశాడు. అలాంటిదాంట్లో పనికిరాని రాయి విసిరితే వానాకాలంలో నీళ్ల చప్పుడు రావాలి, ఎండాకాలంలో రాళ్ల చప్పుడు రావాలి. రాదు. ఏ కాలంలోనూ రాదు. విసిరి చెవొగ్గితే, ఎవరో చెయ్యి చాపి అందుకున్నట్టు ఊరుకుంటుంది.

అన్నిటికంటే దగ్గు. ఒక సాయంత్రం వాన ముంచుకొస్తోందని చేతులు దులపకుండానే బండి దగ్గరికి పరిగెత్తాడు. తాళంచెవి పెడుతుంటే వెనకాల పొడిగా ఒక దగ్గు వినపడింది. రోగిష్టి దగ్గు కాదు. పిలిచే దగ్గు. సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీవాడు ఇలాగే దగ్గేవాడు. స్టోర్స్‌లో పనిచేసేవాళ్లు బయటికొచ్చేటప్పుడు ఏ బేరింగో బోల్టో పట్టుకుపోతారని వాళ్లకి అనుమానం. వాడు దగ్గగానే చేతులు చాపి నిలబడాలి, జేబులు తడిమి పంపిస్తాడు. ఇరవై రెండేళ్లు రోజుకి రెండుసార్లు చిన్నబాబు అలా నిలబడ్డాడు. ఈ దగ్గు వినగానే చేతులు వాటంతటవే లేచాయి. వెనక్కి తిరిగితే వాన తప్ప ఎవరూ లేరు. తడుస్తూ గుంట అంచుకి పోయి, ఏమీ తీసుకుపోవట్లేదు మహాప్రభో అని దులిపి వచ్చాడు. దారిపొడుగునా తనని తానే తిట్టుకున్నాడు. కంచికచర్ల వచ్చేసరికి అది రాంబాబు మేక దగ్గని తేల్చేసుకున్నాడు. మేకలు అచ్చం మనుషుల్లాగే దగ్గుతాయి. కావాలంటే ఎవరినైనా అడగండి.

అదుగో, అలా పన్నెండేళ్లు గడిచాయి. ఈ ఏడాది ఆషాఢంలో దిబ్బ మొదట్లో ఒక బోర్డు వెలిసింది. ఎవరో ప్లాట్లు వేస్తున్నారు. వినాయకచవితి వెళ్లగానే పొక్లెయినర్లు వచ్చి గుంటలు పూడ్చి నేల చదును చేస్తాయని రాంబాబు చెప్పి, మేకల్ని తోలుకుని వేరే ఊరి బీళ్లకి వెళ్లిపోయాడు. మిగతా రాళ్లవాళ్లు కూడా పల్చబడ్డారు. గుంటలు పోతే రుజువూ పోతుంది, నాన్న మాట ఎప్పటికీ అబద్ధంగానే ఉండిపోతుంది. చిన్నబాబు ఆదివారాలు కూడా మానకుండా వెళ్లాడు. భారతీదేవి చెప్పీచెప్పీ ఊరుకుంది. బాబాయి మాత్రం ఊరుకోలేదు.

"పొక్లెయినర్ వాడికే దొరుకుతుందిరా మీ నాన్న వజ్రం. వాడిది పెద్ద చెయ్యి" అన్నాడు పేపరు తిరగేస్తూ.

చిన్నబాబు పళ్లు కొరుక్కుని చెప్పులు తొడుక్కున్నాడు.

చవితి అయిన మూడో రోజు. రెండు రోజులు కురిసి తెరిపిచ్చింది. జయమణికి జ్వరం, రాలేదు. దిబ్బ మీద ఇంకెవరూ లేరు. సాయంత్రం నాలుగున్నర వేళ, ఎండ ఏటవాలుగా పడుతుంటే, సూర్యుడికి ఎదురుగా నడుస్తున్నాడు. ఒక తంగేడు మొదలు దగ్గర మట్టి కోసుకుపోయి వేళ్లు బయటపడ్డాయి. ఆ వేళ్ల మధ్య ఏదో ఉంది. అది తళుక్కుమనలేదు. తడి గాజులా ఊరికే ఉంది. అలవాటు కొద్దీ వంగి తీసుకున్నాడు, అలవాటు కొద్దీ ఊపిరి ఊదాడు.

మసకెయ్యలేదు.

పంచె అంచుతో తుడిచి మళ్లీ ఊదాడు. మసకెయ్యలేదు. పక్కనే ఉన్న పలుగురాయి తీసి దానిమీద ఊదాడు, అది బుద్ధిగా మసకేసింది. మళ్లీ దీనిమీద ఊదాడు. కందిగింజ కంటే కాస్త పెద్దది. పెదవికి ఆనిస్తే ఐసుముక్కలా చల్లగా ఉంది. చిన్నబాబు అక్కడే బురదలో కూలబడ్డాడు. నోటికి గింజ అన్న మాటా రాలేదు, వజ్రం అన్న మాటా రాలేదు. "నాన్నా" అన్నాడు. ఆస్పత్రి మెట్లు దిగినప్పుడు రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. ఎవరూ లేరు కాబట్టి కాసేపు ఏడ్చాడు.

తర్వాత లేచాడు. జేబులో వేద్దామంటే పంచెకి జేబు లేదు, చొక్కా జేబుకి కుట్టు ఊడింది. రుమాలులో కడదామంటే రుమాలు బండి డిక్కీలో ఉంది. గుప్పిటికంటే భద్రమైన చోటు ఏముంది? కుడిచేతి గుప్పిట్లో బిగించాడు. గోళ్లు అరచేతిలో దిగేదాకా బిగించాడు. ఇంటికి ఫోన్ చెయ్యాలనిపించింది కానీ గుప్పిట విప్పడం ఇష్టంలేక చెయ్యలేదు. బాబాయి పేపరు మీద ఎలా పెట్టాలో మనసులో అనుకుంటూ నడిచాడు. విసిరి పెట్టకూడదు. నెమ్మదిగా పెట్టాలి. పెట్టి రెండడుగులు వెనక్కి నిలబడాలి.

దారి పెద్దగుంట అంచు మీదుగానే పోతుంది.

అంచు దాటుతున్నాడు. వెనకాల, భుజం వెనకే, పొడిగా ఒక దగ్గు.

రాంబాబు మేకలు ఊరొదిలి అప్పటికి నెల దాటింది. ఆ ఆలోచన వచ్చేలోపే కాళ్లు గుంట వైపు తిరిగాయి. చేతులు రెండూ ముందుకొచ్చాయి. నోరు దానంతటది "ఏమీ తీసుకుపోవట్లేదు" అంది. వేళ్లు విచ్చుకున్నాయి, అరచేతులు కిందికి తిరిగాయి, ఒకసారి దులిపాయి.

పన్నెండేళ్లలో ఆ మాట మొదటిసారి అబద్ధమైంది. నోట్లోంచి పూర్తిగా బయటికి వచ్చేలోపే నిజమైపోయింది.

చప్పుడు కోసం చెవొగ్గాడు. ఏ చప్పుడూ రాలేదు. తూనీగలు తిరుగుతున్నాయి. కొంతసేపటికి అడుగునుంచి జల్లెడ ఒకసారి ఆడింది. ఇంకోసారి ఆడింది. ఆగింది.

చిన్నబాబు కేక వెయ్యలేదు. తన చేతుల వంక చూస్తున్నాడు. అవి ఇంకా గాలిలోనే ఉన్నాయి. వేళ్లు ఎడంగా, అరచేతులు నేలకేసి. ఆ చేతుల్ని అతను ఇంతకుముందు చూశాడు. వసారాలో చూశాడు, వీధి అరుగుల మీద చూశాడు, ఆస్పత్రి దుప్పటి మీద సెలైను సూదితో సహా చూశాడు. ఎలా పోయింది నాన్నా అని అడిగిన ప్రతిసారీ ఆయన ఎలా పోయిందో చూపించాడు. బతికినన్నాళ్లూ, అడిగిన ప్రతివాడికీ, ఉన్నది ఉన్నట్టు చూపించాడు. గుంటల మొహం ఎరగని ఇంట్లోవాళ్లకి అది అర్థం కాలేదు. పన్నెండేళ్లుగా రోజూ అదే పని చేస్తున్న కొడుక్కీ అర్థం కాలేదు.

గుంటలోకి దిగాడు. మొలలోతు నీళ్లలో చీకటి పడేదాకా దేవులాడాడు. అడుగంతా రాళ్లే, వాటిలో ఎన్ని తనే విసిరినవో. మర్నాడు బక్కెట్టు తెచ్చి నీళ్లు తోడాడు. తోడినకొద్దీ ఊరాయి. ఆ మర్నాడు జల్లెడ తెచ్చుకుని బురద ఆడించాడు. పైన నిలబడి ఎవరైనా వింటే తనది కూడా ఆ చప్పుడే అనుకుంటారని మధ్యలో తట్టి, ఒక్క క్షణం చెయ్యి ఆగింది. నాలుగో రోజు పొక్లెయినర్ వచ్చేసింది.

"ఒక్క రోజు ఆగు బాబూ. పక్క గుంట చేసుకో ముందు" అని బతిమాలాడు.

"సాయంత్రానికి ఇది లెవెల్ అవ్వాలన్నారు సార్. ఏమన్నా పడిపోయిందా అందులో?" అన్నాడు ఆపరేటరు, మంచివాడే.

చిన్నబాబు పక్కకి తప్పుకున్నాడు. పొక్లెయినర్ ఎత్తిపోసిన ఎర్రమట్టితో పెద్దగుంట అయిపోయింది. నవాబులు ఎన్నేళ్లు తవ్వించారో కానీ, పూడ్చడానికి గంట పట్టలేదు.

మర్నాడు పన్నెండేళ్లలో మొదటిసారి వానాకాలంలో పొద్దున్నే కొట్టు తెరిచాడు. భారతీదేవి అతని మొహం చూసి ఏమీ అడక్కుండా టీ పెట్టింది. పదింటికి వెంకటరత్నం వచ్చి కుర్చీలో కూర్చుని పేపరు విప్పాడు.

"ఏరా, పూడ్చేశారటగా. ఇంక వజ్రాలు లేనట్టేనా?"

"బాబాయ్, నాన్న చెప్పింది నిజం" అన్నాడు చిన్నబాబు. "నాకూ దొరికింది."

వెంకటరత్నం పేపరు దించాడు. భారతీదేవి టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది.

"ఏదీ?" అన్నాడు బాబాయి, చెయ్యి చాపి.

"పోయింది."

"ఎలా పోయింది?"

చెప్పాలనే నోరు తెరిచాడు. నా చేతులతో నేనే, ఖాళీ గుంటకి మొక్కి, వజ్రాన్ని దులిపేసి వచ్చా బాబాయ్. ఆ వాక్యం నాలిక చివరిదాకా వచ్చింది. అది బయటికొస్తే నందిగామ దాన్ని ఎన్ని తరాలు వాడుకుంటుందో కూడా అక్కడే కనపడింది. అబద్ధాలకోరు అనిపించుకోవడం ఎంతో నయం. నాన్న కూడా వసారాలో నిలబడి, తాతయ్య చాపిన చేతికేసి చూస్తూ, సరిగ్గా ఇదే అనుకుని ఉంటాడు. మాటగా చెప్పలేక, చెప్పకుండా ఉండలేక, ఉన్న ఒక్క దారీ పట్టాడు.

చిన్నబాబు చేతులు రెండూ ముందుకొచ్చాయి. వేళ్లు విచ్చుకున్నాయి. అరచేతులు ఒకసారి తిరిగాయి.

వెంకటరత్నం ఒక్క క్షణం చూసి, కుర్చీ ఊగేలా నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు.

"అచ్చం మీ నాన్నేరా నువ్వు" అన్నాడు.

"అవును బాబాయ్" అన్నాడు చిన్నబాబు. చేతులు ఇంకా అలాగే ఉన్నాయి.